వన్‌షెంగ్ బరువు

బోజౌ
1988 మార్చి 6

తమ్ముడు జీరోంగ్‌కు,

నీ ఉత్తరం అంది మూడు వారాలైంది. జవాబు రాయలేదని అలిగే ఉంటావు. అలుగు, నాకిప్పుడు బుజ్జగించే ఓపిక లేదు. మీ బావకు ఒంట్లో బాగాలేదు.

చలికాలమంతా వట్టి దగ్గనుకున్నాం. ముప్పై ఏళ్ళుగా దూది ఏకుతూ ఆ నూగంతా పీలుస్తున్న మనిషి, దగ్గక ఏం చేస్తాడులే అని నేనూ పట్టించుకోలేదు. పోయిన నెల ఎవరిదో రజాయికి దూది ఏకుతూ ఏకుతూ, విల్లు పక్కన పడేసి నేల మీద కూలబడ్డారు. కాళ్ళు చూస్తే వాచి ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్తే గుండె పెద్దదైందట, బలం పోయిందట. నన్ను బయటికి పిలిచి చెప్పారు. ఆయనకు మాత్రం రక్తం తక్కువైందని చెప్పాను. గుండె మాత్ర ఒకటి, ఒంటేలు పోయే మాత్ర ఒకటి ఇచ్చారు. రోజుకు ఒక్కొక్కటి.

ఇంకోపక్క క్వాంగ్ గారు కషాయం రాశారు. గుర్తున్నారా, నాన్న మూలికల కొట్లో కిటికీ పక్కన కూర్చుని నాడి చూసే ఆయన. డెబ్భై ఎనిమిదేళ్ళొచ్చినా వేళ్ళు వణకవు. నాభి వేరు, జిన్‌సెంగ్, అల్లం, అతిమధురం, ఇంకో ఐదారు రకాలు. తూచింది నేనే. ముప్పై రెండేళ్ళుగా ఆ చేతి త్రాసే కదా నా బతుకు. నాభి వేరు విషమని నాకు నువ్వు చెప్పక్కర్లేదు. దాన్ని విడిగా రెండు గంటలు మరిగించాకే మిగతావి వేస్తున్నాను.

రెండూ ఇస్తున్నాను. తప్పా? నువ్వు గుండె వార్డు డాక్టరువి, చెప్పు. మరదలినీ పాపనూ అడిగానని చెప్పు.

అలసిపోయిన అక్క,
సూయున్

షాంఘై
మార్చి 15

అక్కా,

డ్యూటీ దిగి వచ్చి బూట్లు కూడా విప్పకుండా రాస్తున్నాను. రాత కోడి గీకినట్టుంటే తిట్టుకోకు. వార్డులో మంచాలు నలభై, మనుషులు యాభై ముగ్గురు. సగం మందివి బావ కాళ్ళలాంటి కాళ్ళే.

సూటిగా చెబుతాను. కషాయం ఆపు. నాభి వేరు గుండెను తన్ని లేపుతుంది. మా గుండె మాత్ర పని కూడా కాస్త అలాంటిదే. రెండూ ఒకే గుండె మీద పడితే అది లయ తప్పుతుంది. అతిమధురం ఇంకా దొంగ. తియ్యగా ఉంటుంది కానీ నీటిని ఒంట్లోనే నిలుపుతుంది, గుండెకు కావలసిన లవణాన్ని బయటికి తోసేస్తుంది. అప్పుడు నేనిచ్చే మాత్రే విషమవుతుంది.

ఇంకొకటి, అన్నిటికన్నా ముఖ్యం. బావను రోజూ పొద్దున్నే, ఏమీ తినకముందు తూచు. గుండె చేతకానిదైతే నీరు ఒంట్లో చేరుతుంది. కంటికి వాపు కనబడేలోపే బరువు పెరుగుతుంది. ప్రతి ఉత్తరంలో బరువు రాయి. నేను ఇక్కణ్ణుంచి మాత్ర పెంచాలా తగ్గించాలా అన్నది ఆ అంకె చూసే చెబుతాను. నాకున్న కళ్ళు అవే.

బావకు గుండె సంగతి చెప్పకపోవడం మంచిదే. మేమూ రోగికి చెప్పం, ఇంటివాళ్ళకే చెబుతాం. తెలిస్తే మనిషి దిగాలుపడిపోతాడు.

క్వాంగ్ గారు ఇంకా నాలుకలు చూస్తున్నారా? కళ్ళద్దాలు మార్చుకున్నారో లేదో!

జీరోంగ్

బోజౌ
మార్చి 28

డాక్టరుగారికి,

పేరు పెట్టి పిలవాలంటే భయమేసింది, అంత గట్టిగా రాశావు. క్వాంగ్ గారి కళ్ళద్దాల మీద వెటకారం నీకు తగదు. నీ ఆరో ఏట జ్వరమొచ్చి కళ్ళు తేలేస్తే మూడు రోజులు నీ మంచం దగ్గర కూర్చున్నది ఆయనే. నాన్న కషాయాలు అమ్మి నిన్ను డాక్టరు చదువు చదివించాడు. ఇప్పుడు ఆ కషాయమే నీకు విషమైంది!

బరువు సంగతి. మా ఇంట్లో మనిషిని తూచే యంత్రమెక్కడిది? మూలికలు కొనే గోదాములో పెద్ద త్రాసు ఉంది, రైతులు తెచ్చే బస్తాలు తూచేది. రోజూ పొద్దున్నే మీ బావను చెయ్యి పట్టుకుని దాని మీద నిలబెడుతున్నాను. మొదటిరోజు గోదాము వాళ్ళంతా గుమిగూడారు. "సూయున్ అక్కా, ఈ సరుకు ఏ రకం? ఎండబెట్టారా, పచ్చిదేనా?" అని ఒకటే నవ్వు. మీ బావ కూడా తక్కువా, "పాత సరుకు నాయనా, పురుగు పట్టింది, కొనకండి" అన్నారు. అరవై ఒక్క కిలోలు. నేనే చూశాను, ముల్లు సరిగ్గా అక్కడే ఆగింది.

నీ ఉత్తరం క్వాంగ్ గారికి చదివి వినిపించాను. కోపం రాలేదు. "మీ తమ్ముడు నీళ్ళు తోడుతున్నాడమ్మా, తోడాల్సిందే. కానీ పడవకు చిల్లి ఎక్కడుందో కూడా ఎవరో ఒకరు చూడాలి కదా" అన్నారు. వన్‌షెంగ్ ఎలా నిద్రపోతున్నాడు, చేతులు చల్లగా ఉంటున్నాయా, ఏం తినాలనిపిస్తోంది, ఇవన్నీ అడిగారు. జిల్లా ఆసుపత్రిలో ఎవరూ అడగలేదు.

కషాయం ఆపలేదు. దాచి ఇవ్వడం నా వల్ల కాదు కాబట్టి చెబుతున్నాను.

సూయున్

షాంఘై
ఏప్రిల్ 10

అక్కా,

డాక్టరుగారు అని మళ్ళీ రాస్తే ఉత్తరం తిప్పి పంపేస్తాను.

అరవై ఒకటి మంచి అంకె. దాన్ని అక్కడే నిలబెడదాం. మాత్రలు అలాగే వెయ్యి.

క్వాంగ్ గారంటే నాకు గౌరవం లేక కాదు. మా గుండె మాత్ర కూడా ఒకప్పుడు ఆకు పసరే, ఏదో దేశంలో ఎవరో ముసలమ్మ ఇచ్చిందేనట. కాబట్టి మూలిక పనిచెయ్యదని నేనెలా అంటాను? ఎంత పనిచేస్తుందో ఎవరూ లెక్కపెట్టలేదంటాను. ఆయన దగ్గర బాగుపడినవాళ్ళు మళ్ళీ వచ్చి దండం పెడతారు. పోయినవాళ్ళు వచ్చి చెప్పరు. మా మందులను వందలమందికి ఇచ్చి, ఇవ్వని ఇంకో వందలమందితో పోల్చి చూస్తారు, పోయినవాళ్ళతో సహా. తేడా అంతే. మా ఆసుపత్రిలోనే ఒక వార్డులో రెండు రకాలూ కలిపి ఇస్తారు. కొందరు లేచి నడుస్తారు. ఏది నడిపించిందని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

నాభి వేరు, అతిమధురం, ఈ రెండూ తీయించు. మిగతావి తాగితే తాగనీ. ఇంతకన్నా దిగిరాలేను.

పాపకు పళ్ళూడాయి. నవ్వితే అచ్చం నాన్నలా ఉంది.

జీరోంగ్

బోజౌ
ఏప్రిల్ 24

తమ్ముడూ,

ఈ ఉత్తరంలో అన్నీ శుభవార్తలే. ముందు బరువు రాస్తున్నాను, లేకపోతే నువ్వు మిగతాది చదవవు. అరవైన్నర. తగ్గింది, చూశావా!

నీ షరతు చెబితే ఈసారి క్వాంగ్ గారు ఒంటికాలి మీద లేచారు. "అతిమధురం లేకుండా కషాయమా? మిగతా మూలికలను కలిపి ఉంచేది అదే కదమ్మా" అన్నారు. "ఆ వందలమందిలో మన వన్‌షెంగ్ ఉన్నాడా, వాళ్ళ నాడి వీడి నాడి ఒకటేనా" అని కూడా అన్నారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు కొట్టుకొచ్చి, చీటీ తీసుకుని, ఆ రెండు పేర్లూ తన చేత్తోనే కొట్టేశారు. "కుర్రాడు మాత్రల సంగతి నాకన్నా ఎక్కువ చదివాడు" అన్నారు. ఆయన అలా అంటుంటే నాకు ఏడుపొచ్చింది.

మీ బావ కులాసాగానే ఉన్నారు. పాత చెప్పులు ఇరుకయ్యాయంటే వెడల్పువి కొన్నాను. ఈమధ్య కొత్త అలవాటొకటి, మంచం వద్దని కిటికీ దగ్గర వాలుకుర్చీలోనే నిద్రపోతున్నారు. మంచం మీదైతే వీపు కింద మూడు దిళ్ళు కావాలి. వీధి చూస్తూ పడుకోవడం బాగుందంటున్నారు. పిల్లాడి వేషాలు! విల్లు ముట్టుకోవడం లేదు. పోనీలే, విశ్రాంతి.

నాన్న సమాధి ఊడ్చి వచ్చాం. మీ బావ దారిలోనే ఆగిపోయారు, నేనొక్కదాన్నే గట్టు మీదికి ఎక్కాను. నీ పేరున కూడా అగరొత్తి వెలిగించాను.

అక్క

షాంఘై
మే 4

అక్కా,

అరవైన్నర! వార్డులో మా పెద్ద డాక్టరుకు చూపించాను. ఉత్తరాలతో వైద్యం చేస్తున్నావటయ్యా అని నవ్వాడు. నవ్వనీ. క్వాంగ్ గారు ఆ రెండు మూలికలూ తియ్యగానే బరువు దిగింది, గమనించావా? నేను చెప్పిందదే. సరే, దెప్పను.

బరువు ఇలా దిగుతుంటే ఒంటేలు మాత్ర ఎక్కువైనట్టు. ఇంకా ఇస్తే ఒళ్ళెండిపోతుంది, కాళ్ళు కొంకర్లు పోతాయి. రేపట్నుంచి సగం మాత్ర చాలు. గుండె మాత్ర అలాగే ఉంచు.

నువ్వూ కాస్త పడుకో. నీ ఉత్తరాల్లో కబుర్లు పెరిగాయంటే నీ మనసు కుదుటపడిందని అర్థమైంది. నేను మాత్రం నిలబడే నిద్రపోతున్నాను.

జీరోంగ్

షాంఘై
జూన్ 2

అక్కా,

చేరాను. మీ దగ్గర్నుంచి రైల్లో పన్నెండు గంటలు నిలబడే వచ్చాను. అదే మంచిదైంది, కూర్చుంటే ఏడ్చేవాణ్ణి.

"వన్‌షెంగ్‌కు కాస్త నలత. వీలుంటే రా." పోయిన నెల నువ్విచ్చిన తంతి అది. నాన్న పోయినప్పటి తంతిలో కూడా పేరు తప్ప అక్షరం తేడా లేకుండా ఇవే మాటలు. అప్పుడు నేను నిజంగానే నలతనుకుని, మూడోనాడు తీరిగ్గా వచ్చి, మట్టి కప్పాక చేరాను. ఇంకోసారి మోసపోకూడదని ఈసారి తంతి అందగానే బావ పోయారనుకున్నాను. తెల్లగుడ్డ కొన్నాను. భుజానికి నల్లపట్టీ కట్టుకునే మీ గడప తొక్కాను. బావ కుర్చీలో కూర్చుని సేమ్యా తింటున్నారు! పట్టీ వైపు చూసి, ఆయాసపడుతూ, "ఎవరు పోయారోయ్ బావమరిదీ? నేనేనా? కాస్త ఆగలేకపోయావా, ఇది తినేస్తాను" అన్నారు. నవ్వాలో చావాలో తెలియలేదు.

కాళ్ళు చూశాను. తొడలదాకా నీరు. గోదాముకు మోసుకెళ్ళి తూచాను. అరవై ఏడు. త్రాసు దగ్గర కుర్రాణ్ణి అడిగితే, "ఏప్రిల్ ఆఖరుకే అరవై నాలుగు కదన్నా, అక్కకు తెలుసు" అన్నాడు.

ఎనిమిది రోజులు జిల్లా ఆసుపత్రిలో సూదులు వేయించి ఆరు కిలోల నీరు దించాను. అన్ని రోజులూ నిన్నొక్క మాట అడగలేదు, బావ ఎదురుగా అడగలేక. ఇప్పుడు అడుగుతున్నాను. ఎందుకక్కా? నువ్వు అరవై నాలుగని రాసుంటే నేను మాత్ర రెట్టింపు చేసేవాణ్ణి. నువ్వు అరవైన్నర అన్నావు, నేను సగం చేశాను. ముప్పై రెండేళ్ళలో చిటికెడు మూలిక తేడాగా తూచని దానివి, మొగుడి బరువు దగ్గర మూడున్నర కిలోలు మింగేశావు!

నన్నూ తిట్టుకుంటున్నాను. మూడు దిళ్ళు, కుర్చీలో నిద్ర, ఇరుకైన చెప్పులు. వార్డులో ప్రతి కొత్త రోగినీ నేను మొదట అడిగేది ఎన్ని దిళ్ళు వేసుకుంటున్నావనే, నీరు చేరితే వెల్లకిలా ఊపిరాడదు కాబట్టి. నువ్వు నేనడక్కుండానే అన్నీ రాశావు. నేను కబుర్లనుకుని చదివాను. నా మాటే నిజమైందన్న సంబరంలో కళ్ళు మూసుకుపోయాయి.

జవాబు రాయి. కోపంగానైనా సరే.

జీరోంగ్

బోజౌ
జూన్ 12

జీరోంగ్,

నాకు కోపం లేదు. కోపానికి కూడా ఓపిక కావాలి.

దూరాన ఉన్నవాళ్ళకు చెడు రాయకూడదని అమ్మ నేర్పింది. నీళ్ళు తాగి పడుకున్న రోజు కూడా మామయ్యకు "అందరం కులాసా" అని రాయించేది, ఆ ఉత్తరాలు రాసింది నేనే. అందుకే అబద్ధం రాశానని చెబితే నువ్వు నమ్ముతావు. సగం నిజం కూడా. మిగతా సగం చెబుతాను విను.

అతిమధురం తీశాక కూడా బరువు పెరిగిందని రాస్తే, నువ్వు మొత్తం కషాయమే ఆపమంటావు. క్వాంగ్ గారు తన చేత్తో పేర్లు కొట్టేసుకున్నాక, ఆయన దగ్గరికెళ్ళి ఇక అసలేమీ వద్దటండీ అని నేనెలా చెప్పను? ఇంకో నాలుగు రోజుల్లో కషాయం పట్టు దొరికి బరువు దానంతటదే దిగుతుంది, అప్పుడు నా అంకె నిజమైపోతుంది అనుకున్నాను. నాన్న కొట్టు గెలవాలనుకున్నాను. అంతే. నీ మాత్ర ఓడిపోవాలని కూడా కాదు, నాన్నది తప్పని తేలకూడదని.

తర్వాత నువ్వు సగం మాత్ర చాలన్నావు. ఆ ఉత్తరం చేతిలో పట్టుకుని మాత్రను కత్తితో రెండు చేశాను. పెరుగుతోందని తెలిసీ చేశాను. వద్దంటే నా అబద్ధం చెప్పాలి కదా. ప్రతి పొద్దూ రేపు రాస్తాను అనుకునేదాన్ని. రేపటికి ఇంకో కిలో పెరిగేది, రాయడం ఇంకా కష్టమయ్యేది. మీ బావ మెట్టు ఎక్కలేక గుమ్మంలో కూర్చుండిపోయిన రోజున తంతి ఇచ్చాను. అందులో కూడా నలతనే రాశాను, చూడు నా బుద్ధి.

క్వాంగ్ గారికి అంతా చెప్పేశాను. "నాకు చెప్పిన బరువు కూడా అరవైన్నరేనమ్మా. నేను నాడిలో బరువు తెలిసిందనుకున్నాను, నీ అంకె చెవిలో పెట్టుకుని నాడి చూశాను" అన్నారు. ఆ రోజు ఇంకెవరికీ నాడి చూడకుండా ఇంటికెళ్ళిపోయారు. మర్నాడు వచ్చి, చిన్న కషాయం రాశారు, నీకు చూపించాకే ఇమ్మన్నారు. చీటీ ఇందులో పెట్టాను. నీకు నచ్చనిది కొట్టెయ్.

ఈ రోజు బరువు అరవై ఒకటి ముప్పావు. ముల్లు నేనొక్కదాన్నే చూడలేదు, గోదాము కుర్రాడి చేత గట్టిగా చదివించాను.

మీ బావ ఇప్పటికీ రక్తం తక్కువే అనుకుంటున్నారు. అదొక్కటైనా మిగిలిందని సంతోషం.

సూయున్

బోజౌ
జూన్ 14

బావమరిదికి వన్‌షెంగ్ రాయునది,

మీ అక్క ఉత్తరం పోస్టులో వెయ్యమని నాకిచ్చింది. గుమ్మం దాటి పెట్టెదాకా నడవమంటే నాకూ సంతోషమే, ఎన్నాళ్ళైందో. దారిలో అరుగు మీద కూర్చుని విప్పి చదివాను. పెళ్ళాం ఉత్తరం దొంగతనంగా చదవడం ఇదే మొదలు. ఆఖర్నున్న మాట చదివి నవ్వొచ్చింది. ఇంటిల్లిపాదీ నాకు రక్తం తక్కువని చెబుతున్నారు, మళ్ళీ గుండె డాక్టరును షాంఘై నుంచి పిలిపిస్తారు! నేను దూది ఏకేవాణ్ణేగానీ నా బుర్రలో దూది లేదు. త్రాసు మీద నిలబడేది నేను. ముల్లు మీ అక్క కన్నా నాకే దగ్గర. అరవై నాలుగన్న రోజే చూశాను. ఆమె చీటీ మీద అరవైన్నర వేస్తుంటే, ఏదో కారణముంటుందిలే అని ఊరుకున్నాను. నా మాట అడిగినవాళ్ళు లేరు, నేనూ చెప్పలేదు. కాబట్టి ఆమెనొక్కదాన్నే అనకు. మనం ముగ్గురం కలిసే చేశాం.

నీ మాత్రా, క్వాంగ్ గారి కషాయమూ ఏది మంచిదని మీరు కొట్టుకుంటున్నారు. తాగేవాణ్ణి నేను, నన్నడుగు. పొద్దున నీ మాత్ర వేసుకుంటే పూటంతా పెరటికి తిరగడమే పని, కానీ సాయంత్రానికి చెప్పుల్లో కాళ్ళు పడుతున్నాయి. కషాయం తాగితే కడుపులో వెచ్చగా ఉంటుంది, ఒక గంట మనిషిననిపిస్తుంది. ఏది బతికిస్తోందో నాకూ తెలియదు. రెండూ మింగుతాను. అది కాదు నాకు కావలసింది.

ఊరందరికీ రజాయిలు చేశాను. మా ఇంట్లోది పెళ్ళినాటిది, దూది ఉండలు కట్టి రాయిలా అయింది. చలికాలం మీ అక్క ముడుచుకుని పడుకుంటుంది, రేపు చేస్తాలే అంటూ ముప్పై ఏళ్ళు గడిపాను. ఇప్పుడు రోజుకు రెండు గుప్పిళ్ళకు మించి ఏకలేను. చెయ్యడానికి నాలుగు నెలలు పడుతుంది. టైముంటే శరత్తులో కొత్త పత్తి వచ్చేదాకా ఆగుతాను, కొత్త దూది రజాయి తేలిగ్గా ఉంటుంది. లేకపోతే ఉన్న పాత దూదితోనే కానిస్తాను.

అందుకని అడుగుతున్నాను. నా గుండె ఎన్నాళ్ళు ఆడుతుంది? మీ అక్కకు రాయకు. ఆమె నాకు ఇంకేదో చెబుతుంది. నాకు రాయి.

తావ్ వన్‌షెంగ్

షాంఘై
జూన్ 23

బావగారికి,

మీ ఉత్తరం నాలుగు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. నాలుగుసార్లు రాసి చింపాను. మొదటి దాంట్లో "కంగారేమీ లేదు" అని రాశాను. చింపాల్సింది అందుకే.

మీది గుండె జబ్బు. గుండె సాగిపోయి బలం తగ్గింది, తిరిగి మామూలవదు. మందులు నీటిని తోడతాయి, గుండెకు కాస్త ఊతమిస్తాయి. అంతవరకే. మీలా ఒకసారి తొడలదాకా నీరు పట్టి లేచినవాళ్ళలో, మా వార్డులో చూసినంతలో, సగం మంది ఏడాది దాటలేదు. కొందరు మూడేళ్ళు కూడా తిరిగారు. మీరు ఏ సగంలో ఉన్నారో నాకు తెలియదు, క్వాంగ్ గారికీ తెలియదు. తెలుసని చెప్పేవాళ్ళను నమ్మకండి.

ఒంటేలు మాత్ర పూర్తిగా ఒకటి వేసుకోండి. అరవై మూడు దాటితే రెండు వేసుకుని నాకు తంతి ఇవ్వండి. బరువు ఇకనుంచి మీరే చూసి మీరే రాయండి. క్వాంగ్ గారి చీటీలో నేనేమీ కొట్టెయ్యలేదు, తిప్పి పంపుతున్నాను. వెచ్చగా ఉంటుందన్నారుగా, తాగండి. అక్కకు విడిగా రాస్తున్నాను, మీకు అన్నీ చెప్పేశానని. ఏడుస్తుంది. పక్కన కూర్చోండి.

ఇరవై ఏళ్ళ డాక్టరు పనిలో ఈ మాటలు వందలసార్లు చెప్పాను, వరండాలో, రోగికి వినబడకుండా, ఇంటివాళ్ళకు. రోగికి చెప్పడం ఇదే మొదలు.

కొత్త పత్తి కోసం ఆగకండి బావా. పాత దూదితోనే మొదలుపెట్టండి.

మీ
జీరోంగ్